ఆగిన అడుగు

గోడకి నాలుగు చిల్లులు పెట్టి ఆ గంట బిగించిన రోజున సుభాషిణికి గర్వం నెత్తికెక్కి కూర్చుంది. డ్రిల్లింగ్ మిషన్ తనే పట్టుకుంది. ఎలక్ట్రీషియన్ని పిలుద్దామని భర్త చక్రధర్ అంటే, "దీన్ని పుట్టించిందే నేను. తగిలించడానికి ఇంకెవరో ఎందుకండీ?" అని కసిరింది. సిమెంటు పొడంతా గుమ్మం ముందు ముగ్గు మీద పడింది. అత్తగారు రత్నమాంబ అది చూసి పెదవి విరిచింది.

ఆ వైభవం చూపించడానికి అక్కని పిలిపించింది. హేమలత కాకినాడలోనే, నాలుగు వీధుల అవతల ఉంటుంది. బళ్ళో డ్రాయింగ్ టీచరు. తల్లి పోయాక చెల్లెల్ని సైకిలు వెనకాల కూర్చోబెట్టుకుని మూడేళ్ళు పాలిటెక్నిక్‌కి దింపిన మనిషి. భర్త పోయి ఆరేళ్ళయింది. పిల్లల్లేరు. పొద్దున్న బడికి పోతూ చెల్లెలింటి ముందు ఆగి, పెరట్లో కోసిన కరివేపాకో, రెండు వంకాయలో ఇచ్చి పోవడం ఆవిడకి అలవాటు.

"చూడక్కా, ఇదిగో కెమెరా. నువ్వు గేటు తీస్తుంటేనే నీ మొహం నా ఫోన్లో కనబడిపోతుంది. నేను లేబ్‌లో ఉన్నా సరే" అంది సుభాషిణి.

"అయితే నేనొచ్చేనని నీకు తెలియకపోవడం అంటూ ఉండదన్నమాట."

"ఉండనే ఉండదు!"

"ఇకనించి జడ సరిగ్గా వేసుకుని రావాలన్నమాట" అని నవ్వి, హేమలత కెమెరాలోకి చూసి పమిట సర్దుకుంది.

సుభాషిణి అన్న ఆ 'ఉండనే ఉండదు' అనే మాటే తర్వాత కొంప ముంచింది.

మామూలు వీడియో గంటలు గుమ్మం బయట ఎవరున్నారో చూపించి ఊరుకుంటాయి. సుభాషిణి లేబ్‌లో తయారైన ఈ గంట ఇంటి లోపలికి కూడా చూస్తుంది. పేరు 'గడప'. గోడల్లోంచి పోయే సన్నటి తరంగాలతో అది ఇంట్లోవాళ్ళ అడుగుల్నీ ఊపిరినీ పసిగడుతుంది. గంట కొట్టింది ఫలానా మనిషి అని ఫోన్లో చూడగానే ఎవరు లేచారు, ఎంత గబగబా వచ్చారు, ఎవరు సగంలో ఆగారు, అన్నీ గుర్తు పెట్టుకుంటుంది. తొంభై రోజులు అలా నేర్చుకున్నాక ఇక తన తెలివి తను వాడుతుంది. ఇంటికి ఇష్టమైనవాళ్ళు వస్తే గట్టిగా మోగుతుంది. అక్కర్లేనివాళ్ళు వస్తే అసలు మోగదు. వాళ్ళ మొహాలు ఫోన్‌కి కూడా రావు. 'మౌనం' అనే పెట్టెలోకి పోయి పడుంటాయి. చందాల వాళ్ళు, వాటర్ ఫిల్టర్లు అమ్మేవాళ్ళు వేళాపాళా లేకుండా తలుపు బాదుతుంటే విసిగిపోయి కనిపెట్టిన గంట అది.

అక్కర్లేని మనిషని దానికెలా తెలియాలి? లేబ్‌లో ఏడాదిపాటు తల బద్దలు కొట్టుకున్న ప్రశ్న అదే. ప్లైవుడ్‌తో చిన్న ఇల్లు కట్టి, లోపల లేబ్ వాళ్ళని కూర్చోబెట్టి, బయట రకరకాల మనుషుల చేత గంట కొట్టించారు. జవాబు సుభాషిణికే తట్టింది. తలుపు వైపు నడుస్తున్న మనిషి ఫోన్లో మొహం చూసి ఒక్క క్షణం ఆగితే, ఆ ఆగిన అడుగే గుర్తు. అవతల ఉన్నది రాకూడని మనిషి. ఆ సూత్రాన్ని తన చేత్తో యంత్రంలో రాసింది. లేబ్ యజమాని విఠల్ లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. ఊళ్ళో నలభై ఇళ్ళకి గంటలు బిగించారు. సుభాషిణి ఇల్లు వాటిలో మొదటిది.

*

తొంభై రోజులు నిండిన నాలుగో రోజున సుభాషిణి కూతురు మేఖలకి తాంబూలాలు పుచ్చుకున్నారు. పెళ్ళివారు పదకొండింటికి వస్తామన్నారు. తొమ్మిదిన్నరకే ఇల్లంతా దగ్గరి చుట్టాలతో నిండిపోయింది. ఏసీ వేసి తలుపులన్నీ మూసేశారు. నాదస్వరం పాటలు పెద్దగా పెట్టారు. మేఖల మాత్రం జడ వేయించుకుంటూ పదిసార్లు అడిగింది.

"అమ్మా, పెద్దమ్మ ఏదీ?"

"వస్తుందిలే."

హేమలత రాలేదు. పెళ్ళివారొచ్చారు, తాంబూలాలు మార్చుకున్నారు, భోజనాలయ్యాయి, ఆవిడ రాలేదు. మధ్యలో ఒకసారి ఫోన్ చేస్తే ఎత్తలేదు. రత్నమాంబ వెనక గదిలో తన మంచం మీద కూర్చుని, "హేమ తెలివైంది. తనే తెలుసుకుని ఆగిపోయింది" అంది. సుభాషిణికి ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. కానీ నిజం చెప్పొద్దూ, మనసులో ఏదో మూల హమ్మయ్య అని కూడా అనిపించింది. పెళ్ళివారి ముందు ఎవరూ మూతి తిప్పే అవసరం రాలేదు కదా అని. ఆ హమ్మయ్యని ఆవిడ గబుక్కున అణిచేసి, దాని మీద అక్క మీది కోపం కప్పింది. ఒక్కగానొక్క చెల్లెలి కూతురి శుభకార్యానికి రాకుండా ఏం పుట్టి మునిగిందట?

తర్వాత మూడు వారాలు కరివేపాకు రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. అలిగితే అలగనీ, తప్పు చేసింది తను, ముందు తనే మాట్లాడాలి అని సుభాషిణి కూడా బిగుసుకుని కూర్చుంది.

*

రాజమండ్రిలో ఒక బిల్డరు మూడు వేల ఫ్లాట్లకి 'గడప' తీసుకుంటానని ముందుకొచ్చాడు. సోమవారం వాళ్ళకి చూపించాలి. ఆ పనిలోనే గురువారం మధ్యాహ్నం లేబ్‌లో కూర్చుని సుభాషిణి మౌనం పెట్టెలు తెరిచింది. ముందు తన ఇంటిదే తెరిచింది. చందాల పుస్తకం పట్టుకున్నవాళ్ళు ఇద్దరు, చీపుళ్ళమ్మే మనిషి, ఆ తర్వాత అక్క.

హేమలత ఆవపిండి రంగు పట్టుచీర కట్టుకుని ఉంది. చేతిలో పళ్ళెం. పళ్ళెంలో ఉప్పాడ చీర, దాని పక్కన డబ్బా. డబ్బాలో మినపసున్ని ఉంటుందని సుభాషిణికి చూడకుండానే తెలుసు. మేఖలకి అదంటే ప్రాణం. తాంబూలాల రోజు. పొద్దున్న పది గంటల ఏడు నిమిషాలు.

గంట నొక్కి, కెమెరాలోకి చూసి, పమిట సర్దుకుని నవ్వింది. చెల్లెలు తనని చూస్తోందని ఆ నవ్వు.

మళ్ళీ నొక్కింది. లోపల్నుంచి నాదస్వరం, ఎవరో పకపకా నవ్వడం రికార్డులో కూడా వినబడుతున్నాయి. మూడోసారి నొక్కాక ఆవిడ మొహంలో నవ్వు పోయింది. మెట్టు మీద కూర్చుంది. పళ్ళెం ఒళ్ళో పెట్టుకుంది. కెమెరా వైపు ఒకసారి చూసి, ఇక చూడటం మానేసింది. పది గంటల ముప్పై నిమిషాలకి లేచింది. వెళ్ళబోతూ మళ్ళీ వంగింది. మెట్టు దగ్గర ఎవరి చెప్పో తిరగబడి ఉంది. చెప్పు తిరగబడితే ఆ ఇంట్లో గొడవలొస్తాయంటారు కదా, దాన్ని సరిగ్గా తిప్పి, జతకి జత చేర్చి పెట్టి వెళ్ళిపోయింది.

సుభాషిణి ఆ చెప్పు తిప్పడం ఆరుసార్లు చూసింది. ఏడోసారి చూడలేక లేప్‌టాప్ మూసి, దాని మూత మీద పిడికిలితో గుద్దింది. అక్క ఎందుకు ఫోన్ ఎత్తడం లేదో ఇప్పుడు తెలిసింది. నువ్వొస్తే నాకు తెలియకపోవడం అంటూ ఉండదని తనే చెప్పింది మరి. చూసి కూడా తలుపు తియ్యలేదని అక్క అనుకుంది. అనుకోక ఏం చేస్తుంది?

ఇంటికొచ్చిన మనిషి చెప్పులు కూడా విప్పకుండా హాల్లో నిలబడి అరిచింది. అరుపంతా అత్తగారి మీదే.

"మీ పట్టింపులు, మీ శకునాలు! హేమక్క ఎదురొచ్చిందని మీరు మొహం మాడ్చుకోవడం చూసి చూసి ఆ మిషన్ నేర్చుకుంది. మా అక్క ఇరవై మూడు నిమిషాలు మెట్టు మీద కూర్చుంది, తెలుసా మీకు? అడుక్కునేవాళ్ళని కూడా అంతసేపు కూర్చోబెట్టం!"

చక్రధర్ మధ్యలోకి వచ్చాడు. "సుభా, అమ్మని అలా..."

"మీరు మాట్లాడకండి!"

రత్నమాంబ బియ్యం చేట పక్కన పెట్టింది. ఆవిడ గొంతు పెంచలేదు.

"నేను గంటకి పాఠం చెప్పేనా? ఎప్పుడు చెప్పేను? మీ మావగారు పోయి పదేళ్ళయింది. మీరు చెప్పులేసుకునే వేళకి నేను పెరట్లోకి పోతాను. నీకు ఎదురు రాకూడదని పోతాను, నా కొడుక్కి ఎదురు రాకూడదని పోతాను. పదేళ్ళలో మీ ఇద్దరిలో ఒక్కళ్ళయినా, ఎందుకెళ్తున్నారు, ఇక్కడే ఉండండి అన్నారా? నీ మిషన్ అన్నీ చూస్తుందన్నావుగా. పో, దాన్నే అడుగు."

సుభాషిణి అప్పుడు చెప్పులు విప్పింది. భోజనాల బల్ల మీద లేప్‌టాప్ తెరిచింది. 'గడప' లెక్కలో ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక అంకె ఉంటుంది. ఒకటి సుభాషిణి, రెండు చక్రధర్, మూడు రత్నమాంబ, నాలుగు మేఖల. ఆ తొంభై రోజుల్లో హేమలత ఆ గుమ్మానికి పధ్నాలుగుసార్లు వచ్చింది. నాలుగో అంకె ఇంట్లో ఉన్న రెండుసార్లూ పరిగెత్తింది. మూడో అంకె ప్రతిసారీ, గంట మోగకముందే, పెరటి వైపు నడిచింది. రెండో అంకె మూడుసార్లు ఆగింది.

మిగతా పదకొండుసార్లు ఆగింది ఒకటో అంకె.

ఆవిడకి తన అడుగులు తనకే బొమ్మలో కనబడ్డాయి. ఎనిమిదిన్నర. లేబ్‌కి బయల్దేరుతుంది. ఫోన్లో అక్క మొహం. అడుగు ఆగుతుంది. వెనక్కి తిరిగి వంటింట్లోకి పోతుంది. ఓ గ్లాసు మంచినీళ్ళు తాగి, ఓ క్షణం కుర్చీలో కూర్చుని, అప్పుడు వచ్చి తలుపు తీసి, "లేబ్ నించి ఫోనక్కా, అందుకే ఆలస్యమైంది" అంటుంది. తనకి నమ్మకాలేమీ లేవని, అత్తగారి కోసమే చేస్తున్నానని అనుకునేది. ఆ అత్తగారు అప్పుడు పెరట్లో ఉంది. చూడటానికి అక్కడ ఎవరూ లేరు.

*

శుక్రవారం పొద్దున్నే విఠల్ గదిలోకి వెళ్ళింది. రాత్రంతా నలభై ఇళ్ళ మౌనం పెట్టెలూ తెరిచి మొహాలు చూసింది, గుమ్మంలో వాళ్ళన్న మాటలు వింది. పదహారిళ్ళలో భర్త పోయిన ఆడవాళ్ళకి గంట మోగలేదు. ఒక ఇంట్లో కోడలి తల్లికి మోగలేదు. ఇంకో ఇంట్లో కాలవలు శుభ్రం చేసే అప్పలనర్సయ్య మంచినీళ్ళడగడానికి నొక్కితే మోగలేదు. అందరూ నొక్కారు, కాసేపు నిలబడ్డారు, వెళ్ళిపోయారు.

"ఇది ఆపెయ్యాలండీ. నేను రాసిన సూత్రమే తప్పు. ఆగిన అడుగులో ఉన్నది అవతలి మనిషి తప్పు కాదు. అది మన కుళ్ళు."

విఠల్ కాఫీ చప్పరించాడు. "మేడమ్, నలభై ఇళ్ళలో ఒక్క కంప్లయింటు వచ్చిందా?"

"ఎలా వస్తుంది? గంట మోగనివాళ్ళు మన కస్టమర్లు కాదు కదా!"

"అదే నేనంటున్నది" అన్నాడు విఠల్, ఆవిడ తన మాటే ఒప్పుకున్నట్టు సంతోషపడిపోతూ. "కస్టమర్లు హాయిగా ఉన్నారు. అసలు మీరు చెప్పాక నాకో అయిడియా వస్తోంది. దీన్ని దాచడం ఎందుకు? శకునం మోడ్ అని ఒక బటన్ పెడదాం. బయల్దేరేముందు నొక్కుకుంటారు. రాజమండ్రి వాళ్ళు ఎగబడతారు."

సుభాషిణికి ఒళ్ళు మండిపోయింది. ఎదుట ఉన్న కాఫీ కప్పు అతని మొహాన కొట్టాలనిపించింది. కొట్టలేదు. కొట్టనందుకు చాలా రోజులు బాధపడింది కూడా. "సోమవారం రాజమండ్రి నేనూ వస్తాను. ఈ రికార్డులన్నీ వాళ్ళ ముందు పెడతాను. ఆ తర్వాత నలభై ఇళ్ళకీ వెళ్ళి చెప్తాను" అంది.

"వస్తే మీ ఉద్యోగం ఉండదు."

"సూత్రం రాసింది నేను. చెరిపేది కూడా నేనే. ఉద్యోగం మీరే ఉంచుకోండి."

*

శనివారం సాయంత్రం నాలుగింటికి హేమలత ఇంటికి వెళ్ళింది. ఆ ఇంటికి గంటే లేదు. పాత చెక్క తలుపు, దానికో ఇనప గొలుసు. గొలుసు మూడుసార్లు కొట్టింది. లోపల టీవీ మోగుతోంది. గొలుసు చప్పుడుకి టీవీ ఆగింది. కిటికీ తెర కదిలింది.

తలుపు తెరుచుకోలేదు.

"అక్కా, నేనే" అంది. మళ్ళీ కొట్టబోయి చెయ్యి ఆపుకుంది. లోపల మనిషి ఉంది. విన్నది, చూసింది. తియ్యడం లేదు. ఎదురింటావిడ బట్టలు తీస్తూ ఇటే చూస్తోంది. సుభాషిణికి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. వెళ్ళిపోదామా అనుకుంది. తర్వాత మెల్లగా మెట్టు మీద కూర్చుంది.

వాచీ చూడనక్కర్లేకపోయింది. సరిగ్గా ఇరవై మూడు నిమిషాలకి తలుపు తెరుచుకుంది.

"గడియారం చూసే తీసేను" అంది హేమలత. లోపలికి రమ్మనలేదు. గుమ్మానికి అడ్డంగా నిలబడే అడిగింది. "ఒక్కటే చెప్పు. ఆ రోజు నన్ను చూసి తియ్యలేదా, వినబడక తియ్యలేదా?"

దారి పొడుగునా సుభాషిణి నోట్లో ఒక జవాబు సిద్ధంగా ఉంది. మిషన్ చెడిపోయిందక్కా, గంట మోగలేదు. అందులో సగం నిజమే. ఆ మాటంటే అక్క నమ్ముతుంది, పిచ్చిమొహమా అని లోపలికి లాక్కుంటుంది, అంతా సర్దుకుపోతుంది.

"వినబడలేదు" అంది.

"మిషన్ తప్పా?"

"కాదు. అది సరిగ్గానే పనిచేసింది. నువ్వంటే మాకు అక్కర్లేదని నా దగ్గరే నేర్చుకుంది. నువ్వొచ్చినప్పుడల్లా నేను లోపలికెళ్ళి మంచినీళ్ళు తాగి..."

"ఆ గ్లాసు సంగతి నాకు తెలుసే."

సుభాషిణి తలెత్తింది.

"ఆరేళ్ళనించీ తెలుసు. కుళాయి చప్పుడు గుమ్మం దాకా వినబడుతుంది. నేను చూడనట్టు కరివేపాకు మట్టి దులుపుతూ నిలబడేదాన్ని. అందరిళ్ళకీ వెళ్ళి బొట్టు పెట్టి పిలిచేవు, నన్ను ఫోన్లో పిలిచేవు. అదీ చూడనట్టే ఊరుకున్నాను. నీళ్ళు తాగైనా సరే, తలుపంటూ తీసేదానివి. అది చాల్లే అనుకున్నాను." హేమలతకి కోపం వచ్చింది. "ఆ కాస్తా కూడా ఒక పెట్టెకి అప్పగించేసేవు కదే!"

సుభాషిణికి ఏడుపు తన్నుకొచ్చింది.

"ఏడవకు. నువ్వేడిస్తే మళ్ళీ నేనే ఓదార్చాలి. నాకిప్పుడు అంత ఓపిక లేదు."

సుభాషిణి కొంగుతో మొహం తుడుచుకుంది. రాజమండ్రి సంగతి చెప్పింది, ఉద్యోగం సంగతి చెప్పింది. చివరికి అంది, "సోమవారం నేను బయల్దేరేటప్పుడు నువ్వు ఎదురు రావాలక్కా."

హేమలత చెల్లెలి మొహంలోకి చూసింది. "ఇక్కడెవరూ లేరని అడుగుతున్నావా? నీ గుమ్మంలో, మీ వాళ్ళందరి ముందూ అడగగలవా?"

"అక్కడికే రమ్మంటున్నాను. పొద్దున్న ఎనిమిదింటికి. నువ్వొచ్చేదాకా గడప దాటను."

హేమలత వస్తాననలేదు, రాననలేదు. తలుపు వేసుకుంది.

*

ఆదివారం సుభాషిణి స్క్రూడ్రైవర్ తీసుకుని గంట ఊడదీసింది. గోడకి నాలుగు చిల్లులు మిగిలాయి. సున్నం పెడతానని చక్రధర్ అంటే వద్దంది.

సోమవారం ఎనిమిదింటికి ఆటో వచ్చి గేటు ముందు ఆగింది. సుభాషిణి సంచి భుజానికి తగిలించుకుని గుమ్మంలో నిలబడింది. చెప్పులేసుకోవడం చూసి రత్నమాంబ అలవాటు ప్రకారం లేచి పెరటి వైపు కదిలింది.

"అత్తయ్యగారూ, ఎక్కడికండీ? ఇక్కడే కూర్చోండి" అంది సుభాషిణి. ఆ మాట పదేళ్ళు ఆలస్యమైంది. రత్నమాంబ కోడలి వంక ఎగాదిగా చూసి, "ఇప్పటికి కనబడ్డానన్నమాట" అని గొణుక్కుంటూ హాల్లో కుర్చీలో కూర్చుంది.

ఎనిమిదీ పది అయింది. ఎనిమిదింపావయింది. ఆటోవాడు హారన్ కొట్టాడు. "బస్సు పోతుంది సుభా" అన్నాడు చక్రధర్. సుభాషిణి కదల్లేదు. రాకపోతే రాదు, ఆవిడకి ఆ హక్కుంది అని తనకి తను చెప్పుకుంది. అయినా కళ్ళు గేటు మీదే ఉన్నాయి.

ఎనిమిదీ ఇరవై మూడుకి గేటు చప్పుడైంది.

హేమలత ఆవపిండి రంగు పట్టుచీరే కట్టుకుంది. చేతిలో కరివేపాకు రెమ్మలు. మెట్లెక్కి వచ్చి అలవాటుగా గంట మీదికి చెయ్యెత్తింది. నాలుగు చిల్లులు చూసి చెయ్యి దించింది. లోపల మేఖల, "పెద్దమ్మా!" అని అరుస్తూ పరిగెత్తుకొస్తోంది. సుభాషిణి గడప దాటి అక్క ఎదురుగా అడుగు పెట్టింది. ఆగలేదు.

హేమలత నవ్వలేదు. చెల్లెలి భుజం పట్టుకుని పక్కకి తోసి, దారి చూపించింది.

"నడు, నడు. తొందరగా పో. దారిలో ఆటో టైరు పంక్చరైనా నా మీదే పెడతారు."